విండోసూ ఉంటుంది, లినక్సూ ఉంటుంది

2025లో విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగింది అక్టోబరు 7న. ఆ తర్వాతి మంగళవారమే, అక్టోబరు 14న, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఇవ్వడం మైక్రోసాఫ్ట్ ఆపేసింది. పండగ కరపత్రాల పని తెమిలి నేను కాస్త ఊపిరి పీల్చుకుంటుంటే, ఫ్యాను శబ్దం చేస్తోందని పిలిచిన రిపేరు అబ్బాయి వచ్చి, క్యాబినెట్ విప్పి చూసి తేల్చేశాడు. "ఇక ఇది పనికిరాదండి మేడమ్. పదకొండు ఎక్కదు. కొత్తది తీసేసుకోండి."

అదే వారం మా చెల్లెలి కొడుకు వచ్చాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) లినక్స్ అంటే ప్రాణం. వాడి తీర్పు ఇంకోటి. "ఇంకా ఆ పేజ్‌మేకరేటి పెద్దమ్మా? విండోస్ తుడిచేసి లినక్స్ మింట్ ఒక్కటీ ఉంచేద్దాం. పీడా పోతుంది."

ఇద్దరి మాటా వినలేదు. మా ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. అందులో విండోస్ 10, లినక్స్ మింట్ రెండూ అప్పటికే ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది, ఎంచుకుంటాం. ఇలా పెట్టుకున్నవాళ్లను చూసి, "లినక్స్ అలవాటయ్యేదాకా విండోస్ ఉంచారన్నమాట" అనుకుంటారు చాలామంది. నేనేమీ అలవాటు చేసుకోవడానికి ఉంచలేదు. రెండూ ఉండాల్సినవే. కాకపోతే ఏ పని దేంట్లో చేయాలన్నది మాత్రం గట్టిగా గీత గీసుకోవాలి. నా గీత ఇంటర్నెట్ దగ్గర ఉంది. విండోస్‌కి నెట్ ఇవ్వను. నెట్‌తో పనంతా లినక్స్‌లోనే.

ముందు విండోస్ ఎందుకు పోదో చెప్తాను.

నేను ఇంట్లో కూర్చుని డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకి పేజీలు తయారుచేసే పని, చేస్తాను. పెళ్లికార్డులు, గృహప్రవేశాలు, పెద్దకర్మ కార్డులు, బడుల ప్రశ్నపత్రాలు, గుడి కమిటీల కరపత్రాలు. నా దగ్గరికొచ్చే పనిలో చాలావరకు ఇప్పటికీ పేజీలు అమర్చే పేజ్‌మేకర్‌ అనే ప్రోగ్రాంలో, అను ఫాంట్లతోనే ఉంటుంది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. తర్వాత అడోబీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ మీద పడింది. పాతికేళ్ల నాటి సాఫ్ట్‌వేర్ పట్టుకుని వేలాడటమేంటని మావాడు నవ్వుతాడు. వాడు నవ్వడానికేం, ఫైళ్లు ఉన్నది నా దగ్గర.

గుడి కమిటీ వాళ్లు వస్తారు. "పోయినేడాది కరపత్రమేనమ్మా. తారీకులు మార్చి, దాతల్లో ఇద్దర్ని చేర్చండి చాలు." ఆ పోయినేడాది కరపత్రం పేజ్‌మేకర్ ఫైలు. దాన్ని తెరిచి నాలుగు చోట్ల దిద్ది, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసిస్తే అరగంటలో అయిపోతుంది. అదే మళ్లీ మొదట్నుంచి వేరేదాంట్లో కొట్టాలంటే ఒక పూట పని. వాళ్లిచ్చేది మాత్రం తారీకు మార్చినందుకు ఇచ్చే డబ్బులే. ప్రెస్సు వాళ్లు ఇప్పుడు పీడీఎఫ్ తీసుకుంటున్నారు నిజమే. కానీ ముహూర్తం మారిందని రాత్రి ఎనిమిదింటికి ఫోనొస్తే పీడీఎఫ్‌లో దిద్దలేం కదా. అసలు ఫైలు తెరుచుకోవాలి.

ఇక్కడ అను ఫాంట్ల సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఇవి యూనికోడ్, అంటే ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో తెలుగు రాసే పద్ధతి, రాకముందరివి. అప్పట్లో ఒక ఫాంటులో 256 గళ్లే ఉండేవి. ఇంగ్లిషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన ఆ గళ్లలో తెలుగు ముక్కలు పెట్టారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఇంకో గడిలో, కింద వత్తు మరో గడిలో. కీబోర్డు మీద మనం కొట్టినదాన్ని బట్టి ఒక చిన్న ప్రోగ్రాం ఆ ముక్కల్ని పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది. తెర మీద అచ్చ తెలుగులా కనిపిస్తుంది కానీ కంప్యూటర్ లోపల దాచుకునేది మటుకు పిచ్చి ఇంగ్లిషు అక్షరాల వరస. ఆ ముక్కని కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి, నెత్తిమీద చుక్కలూ గీతలూ ఉన్న ఐరోపా అక్షరాలు కనిపిస్తాయి.

యూనికోడ్‌లో అలా కాదు. 'క్ష' అంటే క, పొల్లు, ష అని మూడు సంకేతాలుగా దాచుకుంటుంది. వాటిని కలిపి ఏ ఆకారం గీయాలన్నది ఫాంటూ, ఫాంటుని చదివే సాఫ్ట్‌వేరూ చూసుకుంటాయి. పేజ్‌మేకర్‌కి ఆ కలపడం రాదు. అందువల్ల అందులో యూనికోడ్ తెలుగు అతికించలేం. అలాగని పాత ఫైళ్లు బయటికి తెచ్చి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు లేకపోలేదు. మారుస్తాయి కూడా. ఒకటీ అరా చోట వత్తు పక్క అక్షరానికి అతుక్కుంటుంది, అంతే. పెళ్లికార్డు మీద ఆ ఒకటీ అరా చాలు, వియ్యంకుల మధ్య మాట రావడానికి. పైగా కన్వర్టర్ మార్చేది అక్షరాల్నే. పేజీ అమరిక, బోర్డర్లు, పక్కన వేసిన వినాయకుడి బొమ్మ, ఇవేవీ దాంతో రావు.

విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపించే వైన్ ఉంది కదా అంటారు. పేజ్‌మేకర్ వరకైతే సరే, తెరుచుకుంటుందనే అనుకుందాం. తెలుగు కొట్టించేది మాత్రం విండోస్ లోపలికి దూరి కీబోర్డుని పట్టుకునే ప్రోగ్రాం. నా మెషిన్ మీద అది వైన్‌లో కుదురుగా పనిచేయలేదు. పని మధ్యలో ఒక అక్షరం తెలుగులో, ఇంకోటి ఇంగ్లిషులో పడుతుంటే కార్డు కొట్టించుకునే పార్టీ ఎదురుగా కూర్చుని చూస్తాడా?

విండోస్ లోపలే వర్చువల్ మెషిన్ పెట్టి అందులో లినక్స్ నడపమని, లేదా అటుదిటు చేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నాది 4వ తరం ఐ3, 8 జీబీ ర్యామ్. ఒకదాని కడుపులో ఇంకోటి నడిపితే రెండూ నీరసంగా నడుస్తాయి. రీబూట్ చేస్తే రెండు నిమిషాలు పోతాయి కానీ నడిచేదానికి మెషిన్ మొత్తం దొరుకుతుంది. 16 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు వర్చువల్ మెషిన్ పెట్టుకోండి, హాయి. పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకి రీబూటే నయం.

ఇక లినక్స్ ఎందుకు ఉండాలి? దీనికి నా దగ్గర ఉన్న అతి పెద్ద కారణం పెన్‌డ్రైవ్.

డీటీపీ చేసేవాళ్ల దగ్గరికి ఊళ్లో ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ వస్తాయి. నెట్ సెంటర్లో పెట్టినవి, జిరాక్స్ షాపులో పెట్టినవి, బడిలో కంప్యూటర్ గదిలో పెట్టినవి. ఒకసారి చీపురుపల్లి వైపు నుంచి ఒక మాస్టారు వచ్చారు. మొహం వాడిపోయి ఉంది. "మొత్తం పోయిందమ్మా. ప్రశ్నపత్రాలన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. నొక్కితే ఏదో నల్లగా వచ్చి పోతోంది." ఎన్ని కంప్యూటర్లలో పెట్టి చూశారని అడిగితే, స్టాఫ్‌రూంలోదీ, నెట్ సెంటర్లోవీ అన్నారు. అంటే అన్నిచోట్లా అంటించి వచ్చారన్నమాట.

మింట్‌లో ఉండగానే ఆ డ్రైవ్ పెట్టాను. ఇది ఎలా పనిచేస్తుందంటే, వైరస్ మన ఫోల్డర్లన్నిటినీ ఒకచోటికి తోసేసి వాటికి 'దాచు' అని గుర్తు పెడుతుంది. వాటి స్థానంలో అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. మనం మన ఫోల్డరే అనుకుని నొక్కుతాం. ముందు వైరస్ నడుస్తుంది, తర్వాత ఫోల్డర్ తెరుచుకుంటుంది, మనకి అనుమానం కూడా రాదు. ఆ షార్ట్‌కట్‌లు విండోస్ కోసం రాసినవి. లినక్స్‌లో వాటిని నొక్కినా ఏమీ కాదు, చచ్చిన ఫైళ్లలా పడుంటాయి. ఇంకా బాగున్నదేంటంటే, పెన్‌డ్రైవ్‌లో విండోస్ పెట్టే ఆ 'దాచు' గుర్తుని లినక్స్ పట్టించుకోదు. లినక్స్‌కి దాచిన ఫైలంటే పేరు ముందు చుక్క ఉన్నదే. అందుకే అన్నీ బయటపడిపోయాయి. షార్ట్‌కట్‌లు, ఒక స్క్రిప్టు ఫైలు, వీటి మధ్య పేరే లేని ఒక ఫోల్డర్. పేరు లేనట్టు కనిపిస్తుంది గానీ ఉంది, కంటికి కనబడని ఖాళీ అక్షరంతో పెట్టిన పేరు. తెరిస్తే ఏడో తరగతి సోషల్ నుంచి పదో తరగతి ఫిజిక్స్ దాకా ప్రశ్నపత్రాలన్నీ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

"ఇదేటమ్మా, నేను పోయిందనుకున్నానే!" అని మాస్టారు కుర్చీ ముందుకి జరిపారు. వర్డ్ ఫైళ్లు మాత్రం ఏరి డిస్కులోకి తీసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, తిరిగి ఎక్కించి ఇచ్చాను. స్టాఫ్‌రూం కంప్యూటర్ బాగుచేసేదాకా దాంట్లో మళ్లీ పెట్టొద్దని చెప్పాను. పెట్టే ఉంటారు.

అప్పట్నుంచి నియమం ఒకటే. బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు లినక్స్‌లోనే పెట్టాలి. కావాల్సిన ఫైళ్లు మాత్రం ఏరి, పనుల కోసం డిస్కులో విడిగా ఉంచిన భాగంలో, అంటే పార్టిషన్‌లో, వేయాలి. విండోస్ అక్కడి నుంచే తీసుకుంటుంది. బయటి పెన్‌డ్రైవ్ మొహం మా విండోస్ చూడదు, ఇంటర్నెట్ మొహమూ చూడదు. కొత్త అప్‌డేట్లు రాని విండోస్‌కి ప్రమాదం వచ్చే దార్లు ప్రధానంగా ఆ రెండే. రెండూ మూసేశాక, పేజ్‌మేకర్ నడపడానికి అదెంత పాతదైతే నాకేంటి?

రిపేరు అబ్బాయికి నేనిచ్చిన జవాబు కూడా అదే. అతను చెప్పింది అబద్ధం కాదు. విండోస్ 11కి భద్రత కోసం పెట్టే టీపీఎం 2.0 చిప్ కావాలి, ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రాముల్నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ కావాలి, ఇంటెల్‌లో అయితే దాదాపుగా 8వ తరం, ఆ పైవే మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్నాయి. నాది 4వ తరం. కానీ నా కంప్యూటర్ చెడిపోలేదు. మొన్నటిదాకా చేసిన పనే ఇవాళా చేస్తోంది. జాబితాలో లేనంత మాత్రాన బాగున్న మెషిన్ తీసి పాత ఇనుప సామాన్లవాడికి వేస్తామా? అప్‌డేట్లు తప్పనిసరి అనుకునేవాళ్లకి మైక్రోసాఫ్టే 2026 అక్టోబరు 13 దాకా ఒక ఏడాది పొడిగింపు కూడా ఇచ్చింది. నెట్‌కి పోయే పని లినక్స్‌కి అప్పగించాక నాకు దాని అవసరం కనిపించలేదు. మింట్ 22కి అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. బ్యాంకు, కరెంటు బిల్లు, మెయిలు, వాట్సాప్ వెబ్, యూట్యూబ్ అన్నీ అందులోనే.

డబ్బు గురించి కూడా మాట్లాడాలి. కొత్త మెషిన్ కొంటే మెషిన్ ఖర్చుతో ఆగదు. పాత సాఫ్ట్‌వేర్ దానిమీద ఎక్కుతుందా, పాత ప్రింటర్‌కి డ్రైవర్ దొరుకుతుందా, దొరక్కపోతే ప్రింటర్ కూడా కొనాలా, ఇదో గొలుసు. పెళ్లిళ్ల సీజన్ ముందు ఆ టెన్షన్ ఎవరికి కావాలి? నేను పెట్టిన ఖర్చు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీకి.

లినక్స్ వైపు ఇంకో లాభం నేను ఊహించని చోట నుంచి వచ్చింది. ఇప్పుడు పార్టీలు మ్యాటర్ కాగితం మీద తేవడం తగ్గించారు. వాట్సాప్‌లో పంపుతారు, అది యూనికోడ్. కార్డు ప్రింటుకి ఒకటి, వాట్సాప్‌లో పంచడానికి ఇంకోటి కావాలంటారు. ఫోన్లో తిరిగే కార్డుకి పేజ్‌మేకర్ అక్కర్లేదు. బొమ్మలు గీసుకునే ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది. పేజ్‌మేకర్ లాంటి స్క్రైబస్ కూడా 1.6 వెర్షన్లో మన వత్తులూ గుణింతాలూ సరిగ్గా కలుపుతోంది. దాన్ని ప్రెస్సు పనికి కూడా వాడొచ్చు, ప్రెస్సుకి కావాల్సిన నాలుగు రంగుల (సీఎంవైకే) పీడీఎఫ్ ఇస్తుంది.

టైపింగ్ గురించే నేను భయపడ్డాను, అదే అన్నిటికన్నా తేలిగ్గా తేలిపోయింది. డీటీపీ నేర్చుకున్నవాళ్లలో చాలామందికి వేళ్లకి పట్టుబడింది యాపిల్ అనే పేరున్న తెలుగు కీబోర్డు అమరిక. లినక్స్‌లో వేరే భాషల టైపింగ్ చూసుకునే ఐబస్ అని ఉంటుంది, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన వగైరాలతో పాటు యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. అక్కడక్కడ తేడాలున్నా నా వేళ్లు సర్దుకున్నాయి. డబ్బులు పెట్టి కొనక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు.

ఫాంట్లలో మాత్రం పాతవాటిదే పైచేయి. ఉచిత యూనికోడ్ ఫాంట్లలో గురజాడ, గిడుగు అనే పేర్లతోనే రెండున్నాయి. గురజాడ అప్పారావు గారి ఇల్లు ఉన్న ఊళ్లో కూర్చుని గురజాడ ఫాంటుతో కరపత్రం వేయడం నాకు సరదాగానే ఉంటుంది. కానీ పెళ్లికార్డు మీద "శుభలేఖ" అని వంపులు తిరిగిన అక్షరాలు కావాలంటే అను ఫాంట్లలో దొరికినన్ని రకాలు యూనికోడ్‌లో ఇంకా లేవు. ఆడపెళ్లివారు పాత కార్డు తెచ్చి "ఇలాంటి అక్షరాలే కావాలి" అని వేలు పెట్టి చూపిస్తే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి ఉపన్యాసం ఇవ్వలేను.

మా చెల్లెలి కొడుకు వాదన మొత్తం ఇక్కడే. విండోస్ ఉన్నంత కాలం నువ్వు పూర్తిగా మారవు, పక్కన తేలిక దారి ఉంటే మనిషి కష్టమైన దారి నేర్చుకోడు అంటాడు. వాడి మాటలో పస లేదనను. కానీ వాడికో సంగతి గుర్తుచేశాను. లినక్స్ పుట్టిందే అలాంటి కంప్యూటర్ మీద. 1991లో దాన్ని రాసిన లైనస్ టోర్వాల్డ్స్ 386 కంప్యూటర్ కొన్నప్పుడు దాంట్లో ఉన్నది డాస్. తెప్పించుకున్న మినిక్స్ అనే ఇంకో ఓఎస్ ఫ్లాపీలు వచ్చేదాకా అందులో ఆటలాడుకుంటూ కూర్చున్నాడు. తర్వాత లినక్స్ రాసింది మినిక్స్ లోపల కూర్చుని. ఒకరోజు మోడెమ్‌కి వెళ్లాల్సిన నంబరు పొరపాటున హార్డ్ డిస్కుకి వెళ్లి మినిక్స్ పార్టిషన్ పాడైతే, అప్పుడుగానీ పూర్తిగా లినక్స్‌లోకి మారలేదు. రాసినవాడికే అంత టైం పట్టింది, ప్రెస్సు వాళ్ల ఫైళ్లతో బతికే నన్నెందుకు తొందరపెడతావు అన్నాను. "అది వేరు పెద్దమ్మా" అన్నాడు.

సరే, ఎలా పెట్టుకోవాలన్నదానికి వద్దాం. రెండు ఓఎస్‌లు పెట్టుకుని తిట్టుకునేవాళ్లలో చాలామంది ఒకే డిస్కుని రెండు ముక్కలు చేసినవాళ్లు. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకి నా సలహా, డిస్కుని కోయకండి, రెండో డిస్కు పెట్టండి. లినక్స్ ఎక్కించేటప్పుడు విండోస్ డిస్కు శాటా కేబుల్ పీకేయండి. ఇది చాదస్తం కాదు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు చూసే బూట్ ఫైళ్లు ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌లో ఉంటాయి. ఉబుంటు, మింట్ ఇన్‌స్టాలర్లకి ఒక పాడు అలవాటుంది. మనం రెండో డిస్కు ఎంచుకున్నా తమ బూట్ ఫైళ్లని తీసుకెళ్లి మొదటి డిస్కులో విండోస్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే పెడుతుంటాయి. అలా అయితే రేపు విండోస్ డిస్కు పాడైతే లినక్స్ కూడా లేవదు. కేబుల్ పీకేస్తే దాని బూట్ ఫైళ్లు దాని డిస్కులోనే ఉంటాయి. అయ్యాక కేబుల్ మళ్లీ తగిలించి, ఏది కావాలో అడిగే మెనూ చూపించే గ్రబ్ అనే ప్రోగ్రాంని ఒకసారి అప్‌డేట్ చేస్తే విండోస్ కూడా మెనూలో కనిపిస్తుంది. కనిపించలేదా, కంగారు పడకండి. గ్రబ్ 2.06 నుంచి పక్క ఓఎస్‌లని వెతికే ఓఎస్ ప్రోబర్‌ని మామూలుగా ఆపి ఉంచుతున్నారు, సెట్టింగుల ఫైల్లో ఒక లైను మారిస్తే వస్తుంది.

ఒకే డిస్కున్న ల్యాప్‌టాప్ అయితే ఆ సుఖం లేదు. పార్టిషన్ తగ్గించడం విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయండి, లినక్స్ ఇన్‌స్టాలర్ చేతికి ఆ పని ఇవ్వొద్దు. అంతకుముందు ముఖ్యమైనవన్నీ వేరే డిస్కులోకి కాపీ తీసుకోండి. ఇన్‌స్టాల్ సగంలో కరెంటు పోవడం మన దగ్గర వింతేమీ కాదు. హుద్‌హుద్ దాకా ఎందుకు, వేసవి సాయంత్రం గాలిదుమారం చాలు.

2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ వచ్చింది. ఓఎస్‌ని లేపే పాత బూట్‌లోడర్లలో ఉన్న లోపాల్ని అడ్డుకోవడానికి తెచ్చిన ఆ మార్పు, రెండు ఓఎస్‌లున్న మెషిన్ల మీద పడకూడదు. పడింది. ప్రపంచమంతా చాలామందికి లినక్స్ లేవడం మానేసి, తెర మీద ఏదో ఘోరం జరిగిందన్న అర్థం వచ్చే ఒక లైను కనిపించింది. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి ఆ కొత్త నిబంధన తొలగిస్తే మళ్లీ లేచేది. రెండు ఓఎస్‌లు వద్దనేవాళ్లు ఇప్పటికీ దీన్నే ఉదాహరణగా చూపిస్తారు. నేనూ చూపిస్తాను, కాకపోతే విండోస్‌కి నెట్ ఇవ్వకండని చెప్పడానికి.

తర్వాతి గొడవ ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8తో వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రపోతుంది. ఆ స్థితిలో దాని పార్టిషన్లని లినక్స్ తెరవబోతే చదవనిస్తుంది కానీ రాయనివ్వదు. ఫైలు సేవ్ కావట్లేదని జుట్టు పీక్కునేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్లకి వెళ్లి దాన్ని తీసేస్తే సరిపోతుంది.

గడియారం సంగతి అయితే నవ్వొస్తుంది. మదర్‌బోర్డులో ఒక చిన్న గడియారం ఉంటుంది. విండోస్ దాంట్లో ఉన్నది మన టైమే అనుకుంటుంది. లినక్స్ అది గ్రీనిచ్ టైమనుకుని దానికి అయిదున్నర గంటలు కలుపుతుంది. మింట్‌లో పనిచేసి పొద్దున్న పదింటికి విండోస్‌లోకి వెళ్తే తెల్లవారుజాము నాలుగున్నర చూపిస్తుంది. నెట్ ఉన్న విండోస్ అయితే కాసేపటికి సర్దుకుంటుంది. నెట్ లేని మా విండోస్ ఎప్పటికీ సర్దుకోదు. ఫైళ్ల మీద తారీకులూ టైములూ తప్పుపడి, ఏది ఆఖరున దిద్దిన కార్డో తెలియదు. దీనికి లినక్స్‌లో ఒక్క కమాండ్ ఉంది, టైమ్‌డేట్‌సీటీఎల్‌తో గడియారాన్ని స్థానిక కాలానికి మార్చమని. ఇలా చేయొద్దని లినక్స్ హెచ్చరిస్తుంది. వేసవిలో గడియారం గంట ముందుకు తిప్పే దేశాల్లో దీంతో తికమక వస్తుంది, అందుకు. మనకి ఏడాది పొడుగునా అయిదున్నరే కాబట్టి నిర్భయంగా మార్చుకోవచ్చు.

బ్లూటూత్ హెడ్‌సెట్ వాడేవాళ్లకి ఓఎస్ మారినప్పుడల్లా మళ్లీ జత చేయాల్సి రావొచ్చు. దానికీ మందుంది కానీ రాయాలంటే ఇంకో వ్యాసమవుతుంది.

ఇంట్లో అసలు తగువు వేరే. మెనూలో పైన ఏది ఉండాలి, ఎవరూ ఏమీ నొక్కకపోతే ఏది తెరుచుకోవాలి అని. మా ఆయన సాయంత్రం వచ్చి బిల్లు కట్టడానికో, వార్తలు చూడ్డానికో కూర్చుంటారు, ఆయన మెనూ ఎప్పుడూ చదవరు. అందుకని పైన మింట్ ఉంచాం. విండోస్ కావాలనుకునేది నేనొక్కదాన్నే, నేను బాణం మీట నొక్కుకుంటాను. అదే పైన ఉంటే ఇంట్లో మిగతావాళ్లు విండోస్ జోలికి వెళ్లి "నెట్ రావట్లేదేంటి" అని కేకలేసేవాళ్లు.

ఇదంతా అందరికీ అక్కర్లేదు. జీఎస్టీ లెక్కలు, ట్యాలీ తప్ప ఇంకేం చేయనివాళ్లకి ఒక్క విండోస్ చాలు, కాకపోతే అప్‌డేట్లు వచ్చేది వాడండి. పిల్లల చదువు, వీడియోలు, ఉత్తరాలు అంతవరకే అయితే ఒక్క లినక్స్ చాలు, రెండోది ఎందుకు పెట్టుకుని దుమ్ము దులపడం? ఇప్పుడొచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నవాళ్లు మరీ జాగ్రత్త. విండోస్ 11 కొత్తగా ఎక్కించినప్పుడు, 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలు, డిస్కుని దానంతటదే ఎన్‌క్రిప్ట్ చేస్తోంది. మీకు తెలియకుండానే తాళం పడి ఉంటుంది. బూట్ సెట్టింగులు కదిపితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఆ ఖాతా పాస్‌వర్డు ల్యాప్‌టాప్ అమ్మిన షాపులో కుర్రాడు పెట్టి ఉంటాడు. లినక్స్ పెన్‌డ్రైవ్ గుచ్చకముందే ఆ కీ తీసి కాగితం మీద రాసుకోండి.

మావాడి ల్యాప్‌టాప్ కూడా అలాంటిదే. నాకు విండోస్ తుడిచేయమని చెప్పినవాడు తన దాంట్లో మాత్రం ఇప్పటికీ ఉంచుకున్నాడు. ఎందుకురా అంటే, ఆన్‌లైన్ పరీక్షకి పెట్టే లాక్‌డౌన్ బ్రౌజర్ లినక్స్‌లో లేదట, వాలరెంట్ ఆట కూడా నడవదట. మరి నా పేజ్‌మేకర్‌ని ఎందుకు వెక్కిరించావని అడిగితే, "పరీక్షలైపోయాక తీసేస్తాలే" అన్నాడు. ఆట సంగతి ఎత్తలేదు.